పెళ్లి లేని పందిట్లో మేళం

కల్లూరు,
జనవరి, 1955.

ఫాతిమాకు నీ ఇంటాయన పీర్ బాషా రాసేది. ఇక్కడ నేనూ, మా తమ్ముడి కొడుకు మాబాషా, వాడి ఇంటివాళ్లూ, మన మేకలూ అందరం దేవుడి దయవల్ల బాగున్నాం. అక్కడ బద్వేలులో నువ్వూ, మాబీ, అల్లుడూ, కొత్తగా వచ్చిన చిన్న సాయిబూ బాగున్నారని తలుస్తాను.

నీ జాబు మొన్న అందింది. మాబీ చేతి రాత కుదిరింది. కాన్పు తర్వాత వేళ్లు వణుకుతున్నాయని ముందు జాబులో రాయించావు, ఇప్పుడు ఆ వణుకు కనపడలేదు. సంతోషం. పిల్లవాడికి మీ నాయన పేరు కాశిం అని పెడదామా అని అడిగావు. పెట్టండి. మీ నాయన నన్ను ఒక పూటంతా వాకిట్లో కూర్చోబెట్టి సన్నాయి ఊదించుకొని, ఆఖరికి ‘పిల్లనిస్తా, పో’ అన్న మనిషి. ఆయన పేరు మన ఇంట్లో ఉండటం మంచిదే.

మిద్దె గురించి అడిగావు. చవుడు మట్టి తెప్పించి పైన పరిపించాను. మూల గదిలో కారేది ఆగింది. పెద్ద మేక ఈనింది, రెండూ ఆడపిల్లలే. నేను వండుకుంటున్నానా అని అడిగావు. లేదు. మాబాషా భార్య పొద్దున జొన్నరొట్టె, మాపటికి సంగటి పంపుతోంది. ఆ పిల్ల నూరే ఊరిబిండి పచ్చడి ఎట్లుందో రాయను. నువ్వు వచ్చాక నాకు తిండి పెట్టేది నువ్వే కదా.

ఇక నువ్వు జాబు జాబుకూ అడుగుతున్న మాట. కార్తీకం తర్వాత ఏ ఊళ్లో మేళం పెట్టినారు, ఒక్క ఊరి పేరూ రాయవేమి అని. పన్ను నొప్పి అని ఒకసారి రాశాను. ముహూర్తాలు తక్కువ అని ఒకసారి రాశాను. రెండూ నిజం కాదు. కార్తీకంలో జరిగిన ఒక పెళ్లి తర్వాత నేను సన్నాయి ముట్టలేదు. సంచిలో పెట్టి మూతి కట్టి గూట్లో పెట్టేశాను. మార్గశిరంలో పిలవడానికి వచ్చిన వాళ్లను తిప్పి పంపాను. మహానందిలో మాఘమాసపు పెళ్లికి అడగడానికి వచ్చిన పెద్దమనిషికీ రాలేనని చెప్పాను. ఇప్పుడు వ్యవహారం బాగానే తేలింది కాబట్టి రాస్తున్నాను. మాబీ, మీ అమ్మ మధ్యలో కేకలు వేస్తే చదవడం ఆపొద్దు. కడదాకా చదువు.

ఆ పెళ్లి ఎర్రమిట్టపల్లెలో జరిగింది. ఆ ఊరికి కరెంటు లేదు. పెళ్లికూతురి వాళ్లు కర్నూలు నుంచి లాజరు అనే అతన్ని ఇంజనుతో సహా పిలిపించి పందిరంతా లైట్లు కట్టించారు. పెళ్లికొడుకు స్నేహితుడు ఆంజనేయ అని ఒక కుర్రవాడు, కర్నూలులో రేడియోలు బాగుచేసే అంగడి అతనిది. రాజధాని వచ్చినప్పటినుంచి ఆఫీసర్ల రేడియోలతో అంగడి నిండిపోయింది. అతను ఒక మిషను తెచ్చాడు. ట్రంకు పెట్టెంత ఉంటుంది. పైన రెండు చక్రాలు. ఒక చక్రం మీది పట్టీ రెండో చక్రానికి చుట్టుకుంటూ పోతుంది. మైకు ముందు ఏ చప్పుడైతే ఆ చప్పుడు ఆ పట్టీకి అంటుకొని, మళ్లీ అడిగినప్పుడు పలుకుతుంది. మైకు మా మేళం ముందర పెట్టి, మిషను తీగ లాజరు ఇంజనుకే తగిలించాడు.

ఆరోజు నేను బాగా ఊదాననుకున్నాను. తోడి రాగం ఎత్తుకొని శానాసేపు నిలబెట్టాను. పక్కన రెండో సన్నాయితో మాబాషా, వెనక చిన్న ఈరన్న డోలు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు వంటల దగ్గరికి పోకుండా కూర్చొని విన్నారు. ఇంతకంటే మేళానికి ఏం కావాలి?

వారం పోయాక ఆంజనేయ మమ్మల్ని అంగడికి పిలిచాడు. నేను ఉతికిన పంచ కట్టుకొని, కోటు వేసుకొని పోయాను. ఇన్నేళ్లుగా ఊదుతున్నాను గాని నా మేళాన్ని ఎదురుగా కూర్చొని విన్నవాణ్ణి కాదు. ఊదేవాడికి తన ఊదుడు దవడ ఎముకల్లోంచి వినపడుతుంది. బయట ఎట్లుంటుందో వాడికి తెలియదు. టీ తెప్పించారు. అంగడి ముందు పదిమంది నిలబడ్డారు. చక్రాలు తిరిగాయి.

ఏం చెప్పేది? మేకపిల్ల తల్లికోసం అరుస్తూ పరుగెత్తినట్టు ఉంది. తోడి కాదు, తొందర. ఒక స్వరం మీద నిలబడింది లేదు, ఒక మలుపు దగ్గర ఆగింది లేదు. గొంతు సన్నగా, కీచుగా. అంగడి ముందర నిలబడ్డవాళ్లు నా మొహం చూసి నేల చూపులు చూశారు. అప్పుడు నాకు అనిపించింది, ఇన్నాళ్లూ నన్ను మెచ్చుకున్నవాళ్లంతా పెద్దవాడిని నొప్పించలేక మెచ్చుకున్నారని. ముసలితనం వచ్చింది, నాకొక్కడికే తెలియలేదని. సగంలో లేచి వచ్చేశాను. టీ కూడా అట్లాగే వదిలేశాను.

దారిలో చిన్న ఈరన్న, ‘నా డోలు గూడ రేకుడబ్బా మాదిరి ఉండాది, ఆ మిషన్లోనే ఏందో ఉండాది పెద్దబాషా’ అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడనుకొని, ‘నోర్మూసుకొని నడువప్పా’ అన్నాను. మాబాషా మా ఇద్దరికంటే ముందు నడిచాడు. వాడట్లా ముందు నడవడం నాకు ఇంకా కష్టమనిపించింది.

అప్పటినుంచి సన్నాయి సంచిలోనే ఉంది. పొద్దున లేస్తే చేతులకు పనిలేదు. మిద్దె మట్టి పని అంత బాగా జరగడానికి కారణం అదే.

అయిపోయిందనుకున్నాను. పోయిన నెలలో ఒకరోజు ఎర్రమిట్టపల్లె రంగన్న సైకిలు మీద వచ్చాడు. పెళ్లికూతురికి చిన్నాయన. ఏ పెళ్లిలోనైనా జనాన్ని భోజనాలకు పిలిచేది ఆయనే. అంత గొంతు ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేదు. అప్పుడు చిన్న ఈరన్న మన అరుగు మీద కూర్చొని డోలు వార్లు బిగించుకుంటున్నాడు. రంగన్న సైకిలు దిగకముందే మొదలుపెట్టాడు.

“ఏమప్పా బాషా, నా గొంతు ఎట్లుంటాది?”

మేకలు లేచి నిలబడ్డాయి.

“నీ గొంతుకేమప్పా, ఏటి అవతలికి ఇనపడతాది” అన్నాను.

“మరి ఆ మిషన్లో నేను పాలు తాగే బిడ్డ మాదిరి మాట్లాడతాండా! మొన్న మావోళ్లంతా కర్నూలుకు పోయి ఆ పట్టీ కడదాకా ఇన్నారు. మీ మేళం అయినాక ‘భోజనాలకు రాండప్పా’ అని నేను పిలిచింది గూడ దాంట్లో పడింది. ఎట్ల పడిందనుకుంటివి?” అని మూతి ముడిచి, సన్నగా, ‘బోజనాలకు రాండప్పా’ అని చేసి చూపించాడు. చిన్న ఈరన్న డోలు మీద పడి నవ్వాడు.

“నవ్వు, నవ్వు. ఊర్లో పిల్లనాయాండ్లంతా నన్ను సూస్తే అట్లనే పిలుస్తాండారు. నా పెండ్లాము సంగటి పెట్టేటప్పుడు గూడ అట్లనే పిలుస్తాది. ఎవురికి చెప్పుకోవల్ల?”

చిన్న ఈరన్న నవ్వు ఆపి నావైపు తిరిగాడు.

“నేనేం చెప్పినా? నా డోలు రేకుడబ్బా అయిందని ఆ పొద్దే చెప్పలేదా?”

“నన్ను ఓదారుస్తాండావనుకున్నా.”

“నిన్ను ఓదార్చేకి నాకేం పనిలేదా? నా డోలు గురించి నేను ఏడిస్తి.”

ముగ్గురం ఆ పొద్దే కర్నూలు పోయాం. నేను పోయింది రంగన్న కోసమే అని ఇంట్లో చెప్పాను. అట్లా చెప్పడానికి ఇంట్లో మేకలు తప్ప ఎవరూ లేరు, అయినా చెప్పాను.

అంగడిలో రంగన్న నిలబడి, “ఆ పట్టీ నిప్పుల్లో ఎయ్యి” అన్నాడు. గోడకున్న రేడియో అద్దాలు అదిరాయి. ఆంజనేయ ఆయన మొహంకేసి చూస్తూ ఉండిపోయాడు. పెళ్లిలో మిషను దగ్గర తల వంచుకొని కూర్చున్నాడు కదా, అంత గొంతు ఈయనదని అతనికి తెలియదు. మిషనులో కీచుగా పిలిచింది ఎవరో ఆడపిల్ల అనుకున్నాడట. పట్టీని ఆ చోటుకు తిప్పి వినిపించాడు. మళ్లీ, “ఇప్పుడు మీరు పిలవండి” అన్నాడు. రంగన్న పిలిచాడు. వీధిలో పోయేవాళ్లు ఆగారు. ఆంజనేయ రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని, “ఇంజను! లాజరు ఇంజను!” అన్నాడు.

అతను చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. మిషను చక్రాలు కరెంటు ఎట్లా నడిపిస్తే అట్లా తిరుగుతాయట. పెళ్లిలో లైట్లన్నీ ఒక్కసారి వేసేసరికి ఇంజను బరువెక్కి నిదానించింది. దానితోపాటు చక్రాలూ నిదానంగా తిరుగుతూ మా మేళాన్ని పట్టుకున్నాయి. కర్నూలు కరెంటుకు ఆ నీరసం లేదు. నిదానంగా పట్టిందాన్ని జోరుగా వదిలేసరికి అందరి గొంతులూ సన్నబడ్డాయి, అందరం పరుగెత్తాం. తప్పు నాదే అని ఆంజనేయ చెంపలు వేసుకున్నాడు.

రంగన్న పొంగిపోయాడు. నేను పొంగలేదు. “రంగన్న గొంతు ఇంజను చెడగొట్టింది, ఒప్పుకుంటా. నా తోడి పరుగెత్తింది ఇంజను పరుగో, నా పరుగో ఎట్ల తెలుస్తాది?” అని అడిగాను.

“అదే ఇంజనుకు తగిలించి, అన్ని లైట్లూ వేసి వింటే తెలుస్తుంది” అన్నాడు ఆంజనేయ. “అప్పుడు ఎట్లా పట్టిందో అట్లాగే వదులుతుంది.”

“అయితే మా ఇంటి ముందరే పెట్టండి. ఊరంతా ఇనల్ల” అన్నాడు రంగన్న. “ఖర్చు నాది. నా గొంతు నాకు కావల్ల.”

అట్లా మొన్న ఆదివారం ఎర్రమిట్టపల్లెలో పెళ్లి లేని పందిరి వేశారు. మధ్యాహ్నానికే బండిలో ఇంజను దిగింది. లాజరు నవ్వడు, ఎక్కువ మాట్లాడడు. పెళ్లినాడు ఎన్ని లైట్లు కట్టాడో అన్నీ కట్టాడు. ఒకటి తగ్గినా ఇంజను తేలికపడుతుందని ఆంజనేయ వెంటపడి ఎంచాడు. పొద్దు వాలే వేళకు ఇంజను తిప్పారు. లైట్లు వెలిగేసరికి పక్క పల్లెవాళ్లు కూడా వచ్చారు. ఎవరిదప్పా పెండ్లి అని అడగడం, ఎవరిదీ కాదు, రంగన్న గొంతుది అని ఊరివాళ్లు చెప్పడం. ఒక ముసలామె అక్షింతలకని చారెడు బియ్యం కొంగున కట్టుకొని వచ్చి, పెళ్లికూతురేదని వెతికింది.

మొదట రంగన్న గొంతు కుదర్చాలి. ఆయన మాట మనకు తెలుసు కాబట్టి అది కుదిరితే మేళమూ కుదిరినట్టే. ఆంజనేయ పట్టీ తిప్పాడు. ఇంజను ఇంకా పెళ్లినాటికంటే జోరుగానే ఉన్నట్టుంది, సన్నగా ‘భోజనాలకు రాండప్పా’ అని వచ్చింది. జనం గొల్లుమన్నారు. రంగన్న మిషను పక్కన నిలబడి అదే మాట తన గొంతుతో అరిచాడు. లాజరు ఇంజను జోరు కాస్త తగ్గించాడు. లైట్లు పచ్చబడ్డాయి. పెళ్లినాడు కూడా అట్లాగే పచ్చగా ఉండినాయని అప్పుడు గుర్తొచ్చింది. మిషను గొంతు లావైంది. ఇంకొంచెం తగ్గించాడు. ఈసారి బర్రె బురదలో దిగబడి మూలిగినట్టు వచ్చింది.

“అది నేను కాదప్పా, మా దున్నపోతు” అన్నాడు రంగన్న.

“నాకు రెండూ ఒకటే ఇనపడతాండాయి” అంది ఆయన భార్య వెనకనుంచి.

రంగన్న అరవడం, మిషను అరవడం, లాజరు జోరు పెంచడం, తగ్గించడం. అరిచి అరిచి రంగన్న గొంతు బొంగురుపోతుందేమోనని ఆంజనేయకు భయం పట్టుకుంది. పోతే ఇక దేనితో పోల్చుకునేది? చెంబుతో మజ్జిగ తాగించారు. ఆఖరికి ఒకసారి మిషను పిలిస్తే వంటింటి పక్కనున్న పిల్లలు నిజంగానే అన్నాలనుకొని పరుగెత్తుకొచ్చారు. అది రంగన్న గొంతే. లాజరు చెయ్యి అక్కడే బిగించి పట్టుకొని, “ఇంగ కదిలించను, కానీండి” అన్నాడు. అతను ఆ రోజు అన్న పెద్ద మాట అదే.

ఆంజనేయ పట్టీని మొదటికి తిప్పాడు. నన్ను మిషను ఎదురుగా మంచం మీద కూర్చోబెట్టారు, మాబాషా, చిన్న ఈరన్న నా వెనక నిలబడ్డారు. నేను చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఇంజను డుగడుగ కూడా ఉంది. దానిమీద ఆగకుండా పలికే ఒత్తు శ్రుతి లేచింది. తర్వాత తోడి.

నిదానంగా ఉంది, ఫాతిమా. నిలబడాల్సిన చోట నిలబడింది. మలుపు తిరిగేటప్పుడు చూసుకొని తిరిగింది. చిన్న ఈరన్న డోలు డోలులాగే ఉంది. అంగడిలో విన్నప్పుడు పిచ్చుకల గోల అనుకున్నది ఇప్పుడు మనుషుల మాటలైంది. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు చీర అంచు గురించి మాట్లాడుకుంటున్నారు. పసిబిడ్డ ఏడ్చింది. పెళ్లికూతురి అవ్వ హంపమ్మ, “ఆ మేళమోళ్లకు ముందు అన్నం పెట్టండప్పా, ఊదీ ఊదీ సొక్కినారు” అని ఎవరినో కసురుకుంది. హంపమ్మ పందిట్లోనే కూర్చొని ఉంది. “నేనే, నేనే అన్నా ఆ మాట” అని లేచి అందరికీ చెప్పింది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మళ్లీ పెట్టమన్నారు. లాజరు వేళ్లు పట్టేశాయి, అయినా మళ్లీ పెట్టారు. ఆ ముసలామె కొంగున కట్టుకొచ్చిన బియ్యం రంగన్న మీద చల్లి పోయింది.

అక్కడే ఆ రోజే మహానంది పెద్దమనిషికి వస్తానని మనిషి చేత కబురు పంపించాను.

మాబీ, ఇక్కడ చదవడం ఆపి కాగితం మీ అమ్మ చేతికి ఇవ్వు. ఆమెకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. నిదానమే గాని వచ్చు. నువ్వు పిల్లవాడిని చూసుకో పో.

ఫాతిమా, ఇది ఎవరికీ చెప్పలేదు. మిషను మంచి గొంతుతో పలికినప్పుడు మంచిదే కాదు, అంతా వినపడుతుంది. తోడి పైకి పోయి, అంచున ఒక స్వరం మీద నేను బాగా నిలుపుతానని పేరు కదా. మీ నాయన పిల్లనిచ్చింది కూడా ఆ చోటు విన్నాకనే. ఆ చోట నా ఊపిరి అందలేదు. సగంలో తెగింది. తెగినచోట వేరే సన్నాయి మెల్లగా వచ్చి, స్వరాన్ని పట్టుకొని, నాకు మళ్లీ ఊపిరి వచ్చేదాకా మోసి, నేను రాగానే పక్కకు తప్పుకుంది. అతుకు కనపడదు. పందిట్లో ఎవరికీ తెలియలేదు. మాబాషాది. రెండోసారి పెట్టినప్పుడు అదే చోట కాచుకొని విన్నాను. అదే జరిగింది.

ఊదేటప్పుడు నాకు తెలియనే తెలియలేదు. అంతా నేనే నిలబెట్టాననుకున్నాను. వాడు ఎన్నాళ్లనుంచి అట్లా మోస్తున్నాడో ఏమో. ఇంజను తప్పు ఇంజనుదే. ఇది మాత్రం నా వయసుది. ఈ రెండూ వేరువేరని తెలియడం నాకు మంచిదే అయింది. ముందు అంతా పోయిందనుకొని గూట్లో పెట్టాను. ఇప్పుడు పోయింది ఎంతో తెలిసింది. ఆ ఒక్క చోటు. మిగిలినదంతా ఉంది.

ఆరోజు బండిలో తిరిగి వస్తున్నాం. చిన్న ఈరన్న డోలు మీద తల పెట్టి నిద్రపోయాడు. నేను మాబాషాతో అన్నాను.

“మహానందిలో తోడి పైది నువ్వు ఊదు. నేను కింద నిలబడతా.”

వాడు ఎద్దుల వైపు చూస్తూ, “ఎందుకు పెదనాయనా, నువ్వే ఊదు. బాగా ఉండాది గదా, అందరూ ఇన్నారు” అన్నాడు.

“నేనూ ఇన్నా. రెండుసార్లు ఇన్నా.”

వాడు నావైపు తిరిగాడు. “కోపం వచ్చిందా?” అని అడిగాడు.

“ఎప్పుడు మొదలుపెడితివి?”

“నాకూ గుర్తులేదు పెదనాయనా. ఒకపారి తెగిపోతాదేమో అని అందుకుంటి. తెగలేదు. నువ్వూ ఏమనలేదు. సరేలే అనుకుంటి.”

“దొంగతనంగా ఎందుకు ఊదేది? మొగోని మాదిరి ముందరికొచ్చి ఊదు” అన్నాను. వాడు నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. చిన్న ఈరన్న నిద్రలోనే ఏందప్పా మీ గోల అన్నాడు.

సన్నాయికి పెట్టే పాత రెల్లు పీకలు ఎండి చీలిపోయినాయి. కొత్తవి కోసి, నానబెట్టి, నోటికి కుదుర్చుకుంటున్నాను. రోజూ సాయంత్రం మన వాకిట్లోనే సాధన. మేకలు అలవాటు పడ్డాయి. పిల్లవాడికి నలభై రోజులు వెళ్లాక అల్లుణ్ణి అడిగి, మాబీనీ కాశింనీ తీసుకొని నువ్వు నేరుగా మహానందికి వచ్చెయ్యి. నంద్యాలలో బస్సు దిగితే అక్కడినుంచి బండి పంపిస్తాను. పెళ్లివాళ్లు మంచివాళ్లు, మనకు ఒక గది ఇస్తామన్నారు. పిల్లవాడి చెవులకు దూది పెట్టాలో వద్దో నువ్వే చూసుకో. మన ఇంటి బిడ్డ కదా, అక్కర్లేదనుకుంటా.

నిన్న సాయంత్రం మాబాషా తోడి పైకి పోతుంటే నేను కింద స్వరం పట్టుకొని నిలబడ్డాను. అట్లా నిలబడి వినడం నాకు కొత్త. వాడు బాగా ఊదుతాడు, ఫాతిమా. ఇన్నేళ్లు పక్కనే కూర్చున్నాను గాని నా ఊదుడే వినుకుంటూ వాణ్ణి వినలేదు. నువ్వు వచ్చి చూడు.

ఇట్లు,
నీ పెనిమిటి,
కల్లూరు పీర్ బాషా